ఆగనంటే ఆగని కారు

కారు కదలకపోతే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. నలుగురు కలిసి నెడతారు. కారు ఆగకపోతే ఏం చెయ్యాలో ఎందరికి తెలుసు? ఆగకపోవడమంటే బ్రేకులు పడకపోవడం కాదు సుమండీ. బండి బుద్ధిగా నిలబడే ఉంటుంది. తాళంచెవి తిప్పి, బయటికి తీసి, జేబులో వేసుకుంటాము. దిగి తలుపు వేసి నాలుగడుగులు నడుస్తాము. వెనక ఇంజను మాత్రం, మనతో తనకేమీ నిమిత్తం లేనట్టు, డగడగా కొట్టుకుంటూనే ఉంటుంది. నలుగురూ చూస్తూ ఉంటారు. మనం జేబులోంచి తాళంచెవి తీసి, అది నిజంగా మన చేతిలోనే ఉందా అని మరొకసారి చూసుకుంటాము.

నాకీ అవస్థ కిందటేడు వానాకాలంలో, మంచిర్యాలలో ఒక ఆస్పత్రి వాకిట్లో, రాత్రి పదకొండు గంటలప్పుడు పట్టింది.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. చెన్నూరులో ఉండే తెలుగు పంతులుకు బెంజి కారేమిటని మీరు అనుకోవచ్చు. మా కాలేజీలో అందరూ అదే అనుకున్నారు. కొందరు పైకే అన్నారు. తీరా చూస్తే అది 1983 నాటిది. 240డి అంటారు. డీజిలు బండి. జర్మనీవారు ఆ తరహా కార్లను 1976 నుంచి పదేళ్ళపాటు దాదాపు 27 లక్షలు చేసి అమ్మారు. అందులో ఇదొకటి. ఢిల్లీలో ఏ దేశపు రాయబారో వాడుకుని వేలం వేయిస్తే, చేతులు మారి మారి హైదరాబాదు చేరిందని అమ్మినాయన చెప్పాడు. నేను చూసేటప్పటికి మాత్రం ఒక షెడ్డులో, వెనక సీటు మీద కోడి పొదుగుతూ ఉంది. కొత్త ఆటో ఖరీదుకే వచ్చింది. దాన్ని నడిచేలా చెయ్యడానికి మరొక ఆటో ఖరీదయిందని మా ఆవిడ లెక్క.

కొన్నది మా బాపు కోసం. ఆయన 1962లో, పద్నాలుగో ఏట, లారీ క్లీనరుగా చేరాడు. టాటావారు 1954లో డైమ్లర్-బెంజి వారితో కలిసి లారీలు చెయ్యడం మొదలుపెట్టారు. 1969 దాకా జంషెడ్‌పూరులో తయారైన ఆ లారీల ముక్కు మీద బెంజివారి మూడు కొమ్మల చుక్క ఉండేది. చెన్నూరు అడవుల్లో కొట్టిన వెదురును కాగజ్‌నగర్ కాగితపు మిల్లుకు తోలే లారీ బాపుది. తెల్లారి లేచి ఆ చుక్కను గుడ్డతో తుడవడం ఆయన మొదటి ఉద్యోగం. తరవాత డ్రైవరయ్యాడు. నలభై యేళ్ళకు పైగా తోలాడు. ఇప్పుడు ఊపిరి సరిగా అందదు. నాలుగు మెట్లెక్కితే అయిదో మెట్టు మీద కూచుంటాడు. “గా చుక్క బండ్ల ఒక్కపారి సీటు మీద ఆనుకొని కూసోవాల్నని ఉండె” అన్నాడొకనాడు, ఎవరితోనో అన్నట్టు. అంచేత కొన్నాను. పితృభక్తి అని మెచ్చుకోకండి. అందులో నా పాత బాకీ ఒకటుంది. అది తరవాత.

ఆ రాత్రి బాపుకు ఆయాసం ఎక్కువైంది. వెనక సీట్లో ఎడమవైపు కూచోబెట్టి, మా ఆవిడను పక్కన కూచోమని, బయలుదేరాను. భీమారం దాటాము, జైపూరు దాటాము. అక్కడి విద్యుత్కేంద్రం దీపాలు వానలో తడిసి మెరుస్తున్నాయి. అద్దంలోంచి చూస్తే బాపు కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆస్పత్రి చేరాము. తాళం తిప్పాను. ఇంజను ఆగలేదు.

మళ్ళీ పెట్టి మళ్ళీ తిప్పాను. ఆగలేదు. కాపలావాడు పరుగెత్తుకొచ్చి “సార్, బండి బంద్ చేయుండ్రి, పొగంతా లోపలికి పోతాంది” అన్నాడు. బంద్ చేశానయ్యా అని తాళంచెవి చూపించాను. వాడు దాన్నీ, నన్నూ, బండినీ వరసగా చూశాడు. బ్యాటరీ తీగె ఊడదీస్తే ఆగుతుందని ఎవరో సలహా ఇచ్చారు. రెంచి తెచ్చి అదీ ఊడదీశాను. అదొక్కటే తక్కువైనట్టు, ఇంజను అలాగే మోగుతోంది.

చక్రాల కుర్చీ వచ్చింది. బాపు దిగడే! మనిషికి ఊపిరి ఆడడం లేదు. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. అయినా తలుపు పట్టుకుని కూచున్నాడు.

“నడిచే ఇంజనును ఇడిసిపెట్టి... పోతరా ఎవలన్న?” అన్నాడు.

నర్సు కోప్పడింది. మా ఆవిడ బతిమాలింది. నేను గట్టిగానే అరిచాను. ఆయన ఒక్కటే అడిగాడు: “తొవ్వల బ్రేకు పెడలు గట్టిగయిందా?”

“లేదు బాపూ, ఎప్పటిలాగే ఉంది.”

“అట్లయితే పంపు మంచిదే. యాడనో సన్న సందువడ్డది. బానెట్ లేపు. ఇంజను మీద ఎర్రది, చిన్నది, ఒకటుంటది. ఒత్తు.”

వానలో, సెల్‌ఫోను వెలుతురులో వెతికాను. ఎర్రటి చిన్న మీట. వేలితో నొక్కాను. ఇంజను ఒక్క వణుకు వణికి ఆగిపోయింది. అప్పుడుగాని నాకు కనిపించలేదు: దాని మీద ‘స్టాప్’ అని రాసే ఉంది. ఎమ్మే చదివిన నేను అంతసేపు దాన్ని చదవలేదు. బాపుకు అక్షరాలు రావు. బండి ఇంటికి వచ్చిన మర్నాడు బానెట్ ఎత్తించుకుని గంటసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాడు. నేను ముచ్చటపడి చూస్తున్నాడనుకున్నాను.

ఇంజను ఆగాక కుర్చీలో కూచున్నాడు. మూడు రోజులకు ఇంటికి తెచ్చుకున్నాము.

బండిని ఒక గారేజిలో చూపించాను. ఇంజక్షను పంపు పోయింది, నలభై వేలవుతుందన్నారు. ఇంకొకచోట లోపం వైర్లలో ఉందన్నారు. డబ్బు కూడేదాకా ఎర్రమీటే గతి అయింది. రోజూ కాలేజీ ముందు దిగి, బానెట్ ఎత్తి, నొక్కి, చేతులు తుడుచుకుని పాఠానికి వెళ్ళేవాణ్ణి. “సారు పాఠమూ అంతే, గంట కొట్టినా ఆగదు” అని వెనక బెంచీవారు అనుకోవడం నా చెవిన పడింది. మా ఊళ్ళో అగస్త్యేశ్వరస్వామి గుళ్ళో అఖండ దీపం ఉంది. కొన్ని వందల ఏళ్ళుగా ఆరకుండా వెలుగుతోందంటారు. “గుళ్ళో అఖండ దీపం, మన వాకిట్లో అఖండ ఇంజను. రెంటికీ నూనె పోస్తూ ఉండాల్సిందే” అంది మా ఆవిడ.

ఇంతకీ ఇది ఎందుకు ఆగదో నేను పుస్తకాలు చూసి తెలుసుకున్నాను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ విద్యుత్తుతో పుడుతుంది. తాళం తిప్పి విద్యుత్తు ఆపితే రవ్వ లేదు, మంట లేదు, ఇంజను లేదు. డీజిలుకు రవ్వతో పని లేదు. మా బండిలో గాలిని ఇరవై ఒకటో వంతుకు నొక్కేస్తుంది. అలా నొక్కుడుపడ్డ గాలి ఎంత వేడెక్కుతుందంటే అందులో నూనె చిమ్మితే చాలు, దానంతట అదే అంటుకుంటుంది. ఒకసారి మొదలైందా, నూనే గాలీ దొరికినంతసేపు దానికి మనతో అవసరం లేదు. దీన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలుకు 1897 నాటికి ఇంజను చక్కగా పనిచేసింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ జాతి ఇంజనొకటి వేరుశెనగ నూనెతో నడిచిందట. మన ఇళ్ళల్లో గారెలు వేసే నూనె! పాపం ఆయన 1913లో ఓడలో ఇంగ్లండు వెళుతూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. తరవాత సముద్రంలో శవమై తేలాడు.

కాబట్టి డీజిలును ఆపాలంటే నూనె కట్టెయ్యాలి. బాపు తోలిన లారీల్లో డ్రైవరు ముందు ఒక గుబ్బ ఉండేదిట. లాగితే తీగె పోయి నూనె కట్టేది. కారు కొనుక్కునే దొరలు గుబ్బలు లాగుతారా? వారికి తాళం తిప్పితే ఆగాలి. అందుకని బెంజివారు చూషణం పెట్టారు. ఇంజను ముందు ఒక పంపు ఉంటుంది. అది గాలి పీలుస్తూ ఉంటుంది. ఆ పీల్పుడులో ఎక్కువ పాలు బ్రేకులకు సాయం పోతుంది. సన్నగొట్టాల్లో కొంత తాళం దగ్గర ఉన్న చిన్న కవాటానికి వస్తుంది. తాళం తిప్పి ఆపినప్పుడు ఆ కవాటం తెరుచుకుని, పీల్పుడు నూనె పంపు వెనక ఉన్న చిన్న డబ్బాకు చేరుతుంది. డబ్బాలో రబ్బరు పొర ఉంటుంది. అది లోపలికి గుంజుకుని, తనతోపాటు నూనె కట్టే కడ్డీని లాగుతుంది. ఇదంతా రెప్పపాటులో జరగాలి. కొబ్బరిబోండాంలో గొట్టం పెట్టి పీల్చామనుకోండి. గొట్టానికి సూదిబెజ్జం ఉంటే ఎంత పీల్చినా నీళ్ళు నోటికి రావు, గాలే వస్తుంది. మా బండికి జరిగింది అదే. బెజ్జం ఎక్కడ ఉందన్నదే ప్రశ్న.

బాపు కాస్త తేరుకున్నాక, ఒక ఆదివారం పొద్దున వేపచెట్టు కింద కుర్చీ వేయించుకున్నాడు. “నలభై వేలెందుకురా? నేను జెప్త, నువ్వు జెయ్” అన్నాడు. నాకా, స్క్రూడ్రైవరు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. పశువుల ఆస్పత్రి కాంపౌండరునడిగి పెద్ద సిరంజి ఒకటి తెచ్చాను. దాని మూతికి సన్న రబ్బరు గొట్టం తొడిగాము.

“ముందుగాల ఆపే డబ్బా చూడు. దాని గొట్టం గుంజు. నూనె ఉన్నదా లోపట?”

లేదు, పొడిగా ఉంది. నూనె ఉంటే డబ్బాలోని పొర చిరిగినట్టేనట. ఇంజను నడుస్తుండగానే సిరంజిని డబ్బాకు తగిలించి కాడ వెనక్కి లాగాను. టక్కున ఆగింది. నా చేత్తో నేను ఒక ఇంజనును ఆపడం అదే మొదలు. పిల్లవాడిలా మళ్ళీ నడిపి మళ్ళీ ఆపాను. “చాలు చాలు” అన్నాడు బాపు. డబ్బా మంచిదే. నలభై వేల పంపూ మంచిదే.

తరవాత ఆ ఊడిన గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టి, మా అమ్మాయిని తాళం తిప్పమన్నాను. వేలిని చీమ ముద్దు పెట్టుకున్నట్టు పీల్చింది. అంతే. పీల్పుడు ఎక్కడో దారి తప్పుతోంది. పంపునుంచి వచ్చే లావు గొట్టం మీద సన్నగొట్టాలు చీలే చోటు చూపించి, ఒక్కొక్క చీలికే మూసి చూడమన్నాడు. నేను చేతికందిన చాక్‌పీసు అరగదీసి దూర్చాను. ఆయన నవ్వలేక దగ్గాడు. “సుద్ద గాలి పీలుస్తదిరా పంతులూ! మేకు పెట్టు, నున్నగుండేది.” మేకు పెట్టాను. మొదటి చీలిక, తేడా లేదు. రెండో చీలికకు పెట్టి తాళం తిప్పేసరికి ఇంజను చప్పున ఆగిపోయింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఆ గొట్టం ఎక్కడికి పోతుందో చూస్తే, ఇంజనుతో ఏమీ సంబంధం లేని చోటికి పోతోంది. తలుపుల తాళాలకు! ఆ కార్లలో కొన్నింటికి డ్రైవరు తలుపు తాళం వేస్తే తక్కిన తలుపులూ, వెనక డిక్కీ, నూనె పోసే మూతా అన్నీ ఒక్కసారే పడతాయి. అదీ ఈ పీల్పుడుతోనే. తక్కిన ప్రతి తలుపులోనూ ఒక రబ్బరు పొర. నలభై యేళ్ళ రబ్బరు. ఎక్కడో ఒక తలుపులో పొర చిరిగితే ముందున్న ఇంజను ఆగనంటుందన్నమాట. ఈ మాట ఆ గారేజీలవారు ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. వారు బానెట్ ఎత్తారుగాని తలుపులవైపు చూడలేదు.

ఇక ఒక్కొక్కటే. డిక్కీ చూశాము, నూనె మూత చూశాము, ముందు తలుపు చెక్క ఊడదీశాము. మా ఆవిడ స్క్రూలన్నీ పప్పు చేటలో వరసగా పేరుస్తూ కూచుంది. పని సులువే: సిరంజి తగిలించి, కాడ లాగి పట్టుకుని, చూస్తూ ఉండాలి. పొర మంచిదైతే చెయ్యి వదిలేటప్పటికి కాడ లోపలికి గుంజుకుపోతుంది. చిరిగితే నిమ్మళంగా ఉన్నచోటే ఉండిపోతుంది. ఎంతసేపు పట్టుకోవాలంటే, నూరు లెక్కపెట్టమన్నాడు. ఆ లెక్కల మధ్య మాటలుండవు. వేపచెట్టు మీద కాకులు, బాపు ఊపిరి, అంతే.

అలాంటి ఒక నూరులో, ఏ అరవై దగ్గరో, బాపు అన్నాడు:

“ఇంటర్ల చేరినప్పుడు కాయితం మీద నేనేం పని జేస్తనని రాసినవ్‌రా?”

నా బాకీ అదే. తండ్రి వృత్తి అన్నచోట ‘వ్యాపారం’ అని రాశాను. పక్కన పంతుళ్ళ కొడుకులూ, దుకాణాలవారి కొడుకులూ ఉన్నారు. బాపు సంతకం కోసం వేలు పెడుతూ, ఏం రాశావో చదవమన్నాడు. చదివాను. ఆ గడి దగ్గర ‘డ్రైవర్’ అని చదివాను.

“వ్యాపారం అని” అన్నాను.

“ఊ. చదువుడు తీరుగ చదివినవ్.”

“నీకెట్ల తెలుసు?”

“సారు గా నాడే చెప్పిండు. ‘లారీ కొన్నవా ఏంది మల్లా’ అన్నడు. కొన్న అన్న.”

ముప్పయ్యేళ్ళు. ముప్పయ్యేళ్ళలో నేను ఎమ్మే అయ్యాను, ఉద్యోగస్థుణ్ణయ్యాను, సభల్లో శ్రమజీవుల మీద ఉపన్యాసాలిచ్చాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ ముందు వరసల్లో ఎన్నోసార్లు ఆయన కూచున్నాడు. మా ఆవిడ చేటలోని స్క్రూల వంక చూస్తూ ఉంది. ఆమెకిది అప్పటిదాకా తెలియదు.

“మరి నన్నెందుకు అడగలేదు బాపూ?”

“అడిగితె ఏం జెప్తువు? పదహారేండ్ల పోరనివి.” కాస్సేపు ఊపిరి తీసుకున్నాడు. “నీ చెయ్యి కదిలింది. మల్ల పట్టు. ఒకటికెల్లి లెక్కవెట్టు.”

మళ్ళీ ఒకటినుంచి లెక్కపెట్టాను. ఆ తలుపు మంచిదే.

చిరిగింది వెనక ఎడమ తలుపులో. బాపు కూచునే వైపు. చెక్క ఊడదీసి సిరంజి పెడితే కాడ ఏ పట్టూ లేకుండా వచ్చేసింది, ఖాళీ సిరంజి లాగినట్టు. ఆ మాట నేను చెప్పకముందే ఆయన తల ఊపాడు.

“గా తలుపు తాళం రెండు నెలలసంది తనంత తాను లేస్తలేదు. నేనే ఏలుతోని లేపుకుంటున్న.”

“చెప్పకూడదూ?”

“నువ్వు అడిగినవా?”

నిజమే. నేను ముందు సీట్లో కూచుని, తాళం వేసి, వెనక తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ తలుపుకు పోయే రెండు గొట్టాలకూ రెండు మేకులు బిగించాము. తాళం వేసినప్పుడు ఒక గొట్టం, తీసినప్పుడు రెండోది పీలుస్తుంది కనక రెండూ మూయాలి. బాపు స్వయంగా లేచొచ్చి, ముందు సీట్లో కూచుని, ఇంజను నడిపించి, ఆపాడు. ఆగింది. మళ్ళీ నడిపించాడు. కాస్సేపు ఆపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, డగడగ వింటూ కూచున్నాడు. ఆయన ముందు, బానెట్ కొసన, ఆ మూడు కొమ్మల చుక్క. తరవాత తాళంచెవి తిప్పి, తీసి, నా చేతిలో పెట్టాడు.

మీలో ఎవరికైనా ఇటువంటి పాత డీజిలు కారు ఉంటే రెండు మాటలు. ఇంజను ఆగనప్పుడు బ్రేకు కూడా బిగుసుకుంటోందంటే పంపే పోయిందేమో. అలాంటి బండిని తోలకండి, లాగించుకుని పొండి. ఆగని ఇంజనుకు గాలి నోరు చేత్తో మూయబోకండి. అది చేతిని వదలదు. బాపు క్లీనరుగా ఉన్నప్పుడు ఒకడి అరచెయ్యి తోలు లేచిపోయిందట.

హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో చెప్పిపెడితే ఆ తలుపు పొర డబ్బా దొరికింది. వచ్చి మూడు నెలలైంది. అలమరలో ఉంది. బాపు బిగించనివ్వడం లేదు. “ఉండనియ్, మంచిగనే నడుస్తాంది గద” అంటాడు.

ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడల్లా ఇప్పుడు ఇదే వరస. మేమందరం ఎక్కి కూచుంటాము. నేను నా తలుపు తాళం నొక్కుతాను; మూడు తలుపులూ టప్పున పడతాయి. నాలుగోదానికోసం వెనక్కి తిరిగి చూస్తాను. బాపు వేలితో మెల్లగా ఆ పుల్లను నొక్కి, అద్దం దించి, అరచేత్తో బయట తలుపు మీద రెండు దెబ్బలు చరుస్తాడు.

“రైట్” అంటాడు. “పోనియ్.”